లినక్స్ వేస్కోమని చెప్పేవాళ్ళు వైఫై సంగతి కూడా చెప్పాలి

ఎడిటర్ గారికి నమస్కారమండి,

విండోస్ 10 కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14 తో సపోర్ట్ ఆపేసింది కదా, అప్పట్నుంచీ మీ పేపర్లో, మిగతా పేపర్లలో, యూట్యూబ్‌లో ఎక్కడ చూసినా ఒకటే మాట, పాత లాప్‌టాప్ తుక్కుకి వెయ్యకండి, విండోస్ బదులు లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేస్కోండి, పైసా ఖర్చు లేదు అని. సలహాలో తప్పేం లేదండి. తాడేపల్లిగూడెంలో చిన్న కంప్యూటర్ రిపేర్ షాపు నాది, వచ్చినవాళ్ళకి నేనూ అదే చెప్తా, 4 జీబీ ర్యామ్ ఉన్న పాత మిషన్లో ఒక ఎస్ఎస్‌డీ (వేగంగా పనిచేసే డిస్క్) పెట్టి మింట్ అనే లినక్స్ రకం వేస్తే పిల్లల చదువుకీ బ్రౌజింగ్‌కీ హాయిగా సరిపోతుంది. కానీ ఆ ఆర్టికల్స్ అన్నీ ఇన్‌స్టాల్ అయింది, రీస్టార్ట్ చెయ్యండి అనే దగ్గర ఆగిపోతాయి, జనం నా షాపు మెట్లెక్కేది ఆ తర్వాత. "అన్నీ వచ్చాయండి, స్క్రీన్ బాగుంది, సౌండ్ వస్తోంది, వైఫై ఒక్కటే కనపట్లేదు, ఎందుకొచ్చిన గోల, మళ్ళీ విండోసే వేసెయ్యండి" అంటారు. అప్పటికే డిస్క్ మొత్తం తుడిచేసి ఉంటారు, విండోస్‌లో ఉన్న ఫొటోలు కూడా పోయి ఉంటాయి ఒక్కోసారి.

అందుకే ఈ ఉత్తరం. ఈసారి మీ టెక్ పేజీలో లినక్స్ గురించి రాస్తే మొట్టమొదటి వాక్యం ఇదే ఉండాలని నా విన్నపం: ఇన్‌స్టాల్ బటన్ నొక్కకముందే లినక్స్ ఎక్కించిన పెన్‌డ్రైవ్ నుంచే కంప్యూటర్‌ని బూట్ చేసి (అంటే ఆన్ చేసి), ట్రై అనే ఆప్షన్‌లోకి వెళ్ళి, అక్కడ వైఫై వస్తుందో లేదో చూస్కోండి. ఉబుంటు, మింట్, ఫెడోరా అనే లినక్స్ రకాలన్నిట్లోనూ ఈ సౌకర్యం ఉంది, డిస్క్ ముట్టుకోదు, పెన్‌డ్రైవ్ తీసేస్తే మీ విండోస్ మీకు ఎప్పట్లాగే ఉంటుంది. అక్కడ మీ ఇంటి వైఫై కనెక్ట్ అయ్యి యూట్యూబ్ ఆడితే ఇన్‌స్టాల్ చేశాక కూడా దాదాపు ఆడినట్టే. అక్కడే రాకపోతే ఏం తేడా ఉందో తీరిగ్గా కనుక్కోవచ్చు, మునిగేదేం లేదు.

ఇంకోటి, ఆ పెన్‌డ్రైవ్ కొత్తదై ఉండాలండి. చాలామంది ఎప్పుడో కాలేజీలో స్నేహితుడిచ్చిన ఉబుంటు 18.04 పెన్‌డ్రైవ్ తీస్కొచ్చి అదే వేస్తారు. వైఫై డ్రైవర్లు, అంటే చిప్‌ని నడిపించే ప్రోగ్రాములు, లినక్స్‌లో కెర్నెల్‌తో (సిస్టమ్‌కి గుండెకాయ లాంటి భాగం) కలిసే వస్తాయి, విండోస్‌లోలాగా కంపెనీ సైటుకెళ్ళి సెటప్ ఫైలు దించుకునే పద్ధతి మామూలుగా ఉండదు, కాబట్టి కెర్నెల్ పాతదైతే చిప్‌ని గుర్తుపట్టదు. చవక లాప్‌టాప్‌లలో తెగ కనపడే రియల్‌టెక్ 8821సీఈ అనే చిప్ ఉంది, దానికి కెర్నెల్‌లోనే డ్రైవర్ వచ్చింది 2020 అక్టోబర్లో విడుదలైన 5.9 లో. 18.04 మొదట వచ్చినప్పుడు దాని కెర్నెల్ 4.15. ఇంక వైఫై ఎలా వస్తుంది చెప్పండి, వాడు పుట్టకముందు రాసిన ఓటరు లిస్టులో వాడి పేరు వెతికినట్టు ఉంటుంది. అదే లాప్‌టాప్‌లో 24.04 వేస్తే ఏం చెయ్యకుండానే వైఫై గుర్తు వచ్చి కూర్చుంటుంది.

సరే, కొత్తది వేసినా రాలేదనుకోండి. ఇక్కడే జనం నెట్‌లో (ఫోన్లో) వెతికి కనపడిన కమాండ్ కనపడినట్టు సుడో (అడ్మిన్ హక్కుతో నడిపించే మాట) అని పెట్టి కొట్టేస్తారు, వాళ్ళ చిప్ ఏంటో వాళ్ళకి తెలీదు, ఆ కమాండ్ ఏ చిప్‌కో తెలీదు, ఇంటెల్ చిప్ ఉన్నోడు బ్రాడ్‌కామ్ డ్రైవర్ వేస్తాడు, ఉన్న సమస్యకి ఇంకో రెండు కలుపుతాడు. వైఫై రావట్లేదు అనేది ఒక జబ్బు కాదండీ, జ్వరం లాంటి లక్షణం, లోపల ఎక్కడ ఆగిందో చూడాలి. చిప్ ఉందని సిస్టమ్‌కి తెలుసా, దానికి డ్రైవర్ అతుక్కుందా, ఫర్మ్‌వేర్ దొరికిందా, స్విచ్ ఆఫ్‌లో ఉందా, రౌటర్ కనపడుతోందా, పాస్‌వర్డ్ దగ్గర తన్నేస్తోందా, కనెక్ట్ అయ్యాక ఐపీ అడ్రస్ రావట్లేదా, అన్నీ వచ్చి సైట్లు మాత్రం తెరుచుకోవట్లేదా. ఈ వరసలో పైనుంచి కిందకి వస్తే చాలావరకు దొరికిపోతుంది.

టెర్మినల్ (కమాండ్లు కొట్టే విండో) తెరిచి ఎల్ఎస్‌పీసీఐ అని కొట్టి పక్కన హైఫన్ ఎన్ఎన్‌కే అని పెడితే లోపలున్న కార్డులన్నీ వస్తాయి, అందులో నెట్‌వర్క్ కంట్రోలర్ అని ఉన్న లైను చూడండి, దాని కింద కెర్నెల్ డ్రైవర్ ఇన్ యూజ్ అని ఇంకో లైను ఉంటే డ్రైవర్ అతుక్కున్నట్టు, లేకపోతే అతుక్కోనట్టు. అంతే, సగం రోగం తెలిసిపోయింది. ఇంటెల్‌కి ఐడబ్ల్యూఎల్‌వైఫై, అథెరాస్ పాతవాటికి ఏటీహెచ్9కె, కొత్త క్వాల్‌కామ్‌కి ఏటీహెచ్10కె, 11కె, మీడియాటెక్‌కి ఎంటీ76, రియల్‌టెక్‌కి ఆర్‌టీడబ్ల్యూ88, 89, ఇలా ఉంటాయి పేర్లు. యూఎస్‌బీ వైఫై అయితే ఎల్ఎస్‌యూఎస్‌బీ కొట్టాలి. ఆ లైన్లో బ్రాకెట్లలో నాలుగు నాలుగు అక్షరాల నంబరు ఒకటి ఉంటుంది, ఎవరినైనా సాయం అడగాలంటే ఆ నంబరు చెప్పండి, లాప్‌టాప్ మోడల్ పేరు చెప్పి లాభం లేదు, ఒకే మోడల్ పేరు మీద ఒక బ్యాచ్‌లో ఇంటెల్ ఇంకో బ్యాచ్‌లో రియల్‌టెక్ పెట్టి అమ్మడం మామూలే.

డ్రైవర్ ఉన్నా ఫర్మ్‌వేర్ లేకపోతే పని చెయ్యదు. ఫర్మ్‌వేర్ అంటే చిప్ లోపల నడిచే చిన్న ప్రోగ్రామ్, దాన్ని ప్రతిసారీ కంప్యూటరే చిప్‌లోకి ఎక్కించాలి, అది కంపెనీ ఇస్తేనే ఉంటుంది. డీమెసేజ్ (డీ ఎం ఈ ఎస్ జీ అని కొట్టాలి) అనే కమాండ్‌లో ఫర్మ్‌వేర్ ఫెయిల్డ్ టు లోడ్ అని ఎర్రగా కనపడితే ఇదే. లినక్స్‌లో వైఫైకి ఇంత చెడ్డపేరు రావడానికి సగం కారణం ఈ ఫర్మ్‌వేరే, మిగతా సగం బ్రాడ్‌కామ్ అనే చిప్ కంపెనీ. వాళ్ళు చాన్నాళ్ళు డ్రైవర్ ఇవ్వలేదు, వివరాలూ ఇవ్వలేదు, కొంతమంది ప్రోగ్రామర్లు చిప్ ఎలా పనిచేస్తుందో బయటనుంచే శోధించి బీ43 అనే డ్రైవర్ రాసుకున్నారు, దానికి కావాల్సిన ఫర్మ్‌వేర్‌ని కంపెనీ సొంత డ్రైవర్ ఫైల్లోంచి కోసి తీయడానికి ఇంకో టూల్ రాశారు, పంచిపెట్టే హక్కు లేదు కాబట్టి ఎవరి కోత వాళ్ళే కోసుకోవాలి. అంతకుముందు ఎన్‌డీఐఎస్‌రాపర్ అని విండోస్ ఎక్స్‌పీ డ్రైవర్‌ని లినక్స్‌లో తొడిగి నడిపేవాళ్ళం, ఆ రోజులు చూసినవాళ్ళకి ఇప్పటి కష్టం కష్టంలా అనిపించదు. 2010 సెప్టెంబర్లో బ్రాడ్‌కామ్ ఒక ఓపెన్ డ్రైవర్ వదిలింది కానీ అన్ని చిప్పులకీ కాదు, 2013-15 నాటి చాలా మ్యాక్‌బుక్‌లలో ఉండే చిప్‌కి ఇవాళ్టికీ డబ్ల్యూఎల్ అనే వేరే డ్రైవర్ విడిగా వేసుకోవాల్సిందే. సెకండ్ హ్యాండ్ మ్యాక్‌బుక్ కొని అందులో లినక్స్ వేద్దామనుకునే కుర్రాళ్ళు ఈ ఒక్క ముక్క గుర్తు పెట్టుకుంటే చాలు.

డెబియన్ అనే లినక్స్ తయారుచేసేవాళ్ళయితే ఇంకో రకం, సోర్స్ బయటకి ఇవ్వని ఫర్మ్‌వేర్‌ని మా అసలు సీడీలో పెట్టం అని పట్టుబట్టి కూర్చున్నారు ఏళ్ళ తరబడి, సిద్ధాంతం గొప్పదే, కానీ వైఫై తప్ప వేరే నెట్ లేని ఇంట్లో వైఫై ఫర్మ్‌వేర్‌ని నెట్ నుంచి దించుకోమంటే ఎట్లా. 2022 లో ఓటింగ్ పెట్టుకుని మార్చారు, 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఇన్‌స్టాలర్లోనే ఫర్మ్‌వేర్ ఉంటుంది. కాబట్టి పాత పుస్తకంలో చదివి డెబియన్‌లో వైఫై రాదు అనే వాళ్ళ మాట ఇప్పుడు చెల్లదు.

అన్నట్టు నెట్ లేకుండా డ్రైవర్ ఎలా దించాలి అని అందరూ అడుగుతారు, దానికి ఎవరూ చెప్పని సులువు మన జేబులోనే ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్‌ని డేటా కేబుల్‌తో లాప్‌టాప్‌కి పెట్టి ఫోన్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చెయ్యండి, లినక్స్ దాన్ని మామూలు లాన్ కేబుల్‌లా తీసుకుంటుంది, డ్రైవర్ అడగదు. ఫోన్ ఇంటి వైఫైలో ఉంటే ఆ వైఫైనే కేబుల్ ద్వారా ఇస్తుంది, మొబైల్ డేటా కూడా అయిపోదు. ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే చవక కేబుల్ పెడితే రాదు, అది చూస్కోండి. అట్లా నెట్ పెట్టుకుని ఉబుంటులో, మింట్‌లో డ్రైవర్ల మేనేజర్ తెరిస్తే బ్రాడ్‌కామ్ లాంటివి అదే వెతికి వేసేస్తుంది.

ఇంక డ్రైవర్ ఉంది, ఫర్మ్‌వేర్ ఉంది, ఐనా లిస్టులో ఒక్క వైఫై పేరు కూడా రావట్లేదంటే ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్ అని కొట్టండి. సాఫ్ట్ బ్లాక్డ్ యెస్ అని ఉంటే సిస్టమ్ ఆఫ్ చేసింది, ఆర్‌ఎఫ్‌కిల్ అన్‌బ్లాక్ వైఫై అంటే తెరుచుకుంటుంది. హార్డ్ బ్లాక్డ్ యెస్ అంటే ఏ కమాండూ పని చెయ్యదు, పాత లాప్‌టాప్‌లకి పక్కనో ముందో చిన్న జరిపే స్విచ్ ఉంటుంది, లేదా ఎఫ్ఎన్ తో కలిపి నొక్కే విమానం బొమ్మ కీ ఉంటుంది. ఓ మాస్టారు లాప్‌టాప్‌కి మూడు నాలుగు రకాల లినక్స్‌లు వేయించి చివరికి మా షాపుకి తెచ్చారు, బ్యాగ్‌లో పెట్టేటప్పుడు ఆ స్విచ్ జరిగిపోయింది, అంతే. ఆయన నవ్వలేదు, నేనూ నవ్వలేదు లెండి, డబ్బులు మాత్రం తీసుకోబుద్ధి కాలేదు.

విండోస్, లినక్స్ రెండూ ఉంచుకున్నవాళ్ళకి ఇంకో తిరకాసు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి ఆన్‌లో ఉంటుంది, షట్‌డౌన్ అంటే అది పూర్తిగా ఆగదు, సగం నిద్రపోతుంది, వైఫై చిప్ కూడా అదే స్థితిలో ఉండిపోయి లినక్స్ లేచాక పలకదు. విండోస్ కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌లోకెళ్ళి దాన్ని తీసెయ్యండి. నిన్న వచ్చింది ఇవాళ రావట్లేదు అనే కేసుల్లో ముందు ఇదే అడుగుతా నేను.

అమెరికా నుంచి పిల్లలు పంపించిన లాప్‌టాప్‌లతో వచ్చే గొడవ మాత్రం మన దగ్గర ప్రత్యేకంగా చెప్పుకోవాలి, ఎందుకంటే మన జిల్లాల్లో ఇంటికొకటి ఉంటుంది అలాంటిది. పక్కింటి వైఫై కనపడుతుంది, ఎదురింటిదీ కనపడుతుంది, సొంత ఇంటి వైఫై మాత్రం కనపడదు. ఫోన్లో అదే వైఫై ఫుల్ సిగ్నల్. విషయం ఏంటంటే 2.4 గిగాహెర్ట్జ్‌లో అమెరికాలో మామూలుగా వాడేది 1 నుంచి 11 ఛానెళ్ళే, మన దేశంలో 13 దాకా వాడొచ్చు. మన రౌటర్ ఆటోలో ఉండి 12 కో 13 కో వెళ్ళిందంటే అమెరికా లెక్కలో ఉన్న లాప్‌టాప్ ఆ వైపు చూడనే చూడదు. ఐడబ్ల్యూ రెగ్ గెట్ అని కొడితే ఏ దేశం లెక్కలో ఉందో చెప్తుంది, యూఎస్ అనో సున్నా సున్నా (ఏ దేశమూ పెట్టలేదని) అనో ఉంటే ఐడబ్ల్యూ రెగ్ సెట్ ఐఎన్ అని చూడండి. కొన్ని కార్డులు, ముఖ్యంగా ఇంటెల్‌వి, దేశం సంగతి వాటంతట అవే నిర్ణయించుకుంటాయి, మన మాట వినవు, అప్పుడు రౌటర్లోకెళ్ళి ఛానెల్‌ని 1, 6, 11 లో ఏదో ఒకదానికి కట్టేస్తే అయిపోతుంది, అదే సులువు కూడా.

ఛానెల్ అంటే గుర్తొచ్చింది, ఇంటి వైఫై పేరు చివర 5జీ అని ఉంటుంది కదా, అది మొబైల్ 5జీ కాదు, 5 గిగాహెర్ట్జ్ అని. పాత లాప్‌టాప్‌లలో చాలావాటికి 2.4 మాత్రమే వచ్చే కార్డు ఉంటుంది, దానికి ఆ 5జీ పేరు ఎన్ని కమాండ్లు కొట్టినా కనపడదు, విండోస్‌లోనూ కనపడదు. ఇది లినక్స్ తప్పు కాదు.

పేరు కనపడి పాస్‌వర్డ్ కరెక్టుగా కొట్టినా మళ్ళీ మళ్ళీ అడుగుతుంటే రౌటర్లో సెక్యూరిటీ డబ్ల్యూపీఏ3 (కొత్త రకం వైఫై తాళం) మాత్రమే అని పెట్టారేమో చూడండి, పాత కార్డులకి అది అర్థం కాదు, డబ్ల్యూపీఏ2, 3 కలిపి ఉండే ఆప్షన్‌కి మార్చండి. కనెక్ట్ అయ్యి కాసేపటికి పడిపోతుంటే ఎక్కువసార్లు పవర్ సేవింగ్ పని. ఉబుంటులో నెట్‌వర్క్‌మేనేజర్ ఫోల్డర్లో కాన్ఫ్ డాట్ డీ లో వైఫై పవర్‌సేవ్ అనే ఫైలు ఉంటుంది, అందులో 3 ని 2 చేసి రీస్టార్ట్ చేస్తే సరి. రౌటర్ పక్కనే కూర్చున్నా ఒక్క గీతే సిగ్నల్ ఉంటే, చిప్ రియల్‌టెక్ 8723బీఈ అయితే, కంపెనీ లోపల ఒకే యాంటెన్నా వైరు ఇచ్చి ఉంటుంది, డ్రైవర్ రెండో పిన్ను వైపు చూస్తూ ఉంటుంది, యాంట్ సెల్ అనే ఆప్షన్ 1 గానో 2 గానో పెట్టి చూడాలి. ఇది తెలీక మదర్‌బోర్డ్ పోయిందని చెప్పే షాపులు కూడా ఉన్నాయి, మా వృత్తివాళ్ళ గురించి నేనే చెప్పకూడదు గానీ.

అన్నీ పచ్చగా ఉండి సైట్లు మాత్రం తెరుచుకోకపోతే పింగ్ 8.8.8.8 అని కొట్టండి. జవాబు వస్తే నెట్ ఉంది, పేర్లని అడ్రసులుగా మార్చే డీఎన్ఎస్ దగ్గర తేడా. హాస్టళ్ళు, హోటళ్ళు, రైల్వే స్టేషన్లలో అయితే ముందు ఓటీపీ పేజీ రావాలి, అది రాకుండా డీఎన్ఎస్ మనం మార్చుకుని కూర్చుంటే ఎప్పటికీ రాదు. పాత లాప్‌టాప్‌లకి మాత్రమే వచ్చే ఇంకో రోగం ఉంది, లోపల ఉండే గుండ్రటి సీఆర్2032 బ్యాటరీ అయిపోయి ఉంటుంది, తేదీ ఎప్పటిదో ఏళ్ళ వెనక్కి పోతుంది, సైట్ల సర్టిఫికెట్లు ఇంకా పుట్టనే లేదు అని బ్రౌజర్ ప్రతి సైటునీ ఆపేస్తుంది. మనిషేమో వైఫై పని చెయ్యట్లేదు అంటాడు. గడియారం చూడండి ముందు, ఆ బ్యాటరీకి పెద్ద ఖర్చేం కాదు.

ఇవన్నీ చేసినా లొంగని చిప్పులు ఉంటాయి, ఒప్పుకోవాలి. గిట్‌హబ్ అనే సైట్లో ఎవరో రాసిన డ్రైవర్ తెచ్చి డీకేఎంఎస్ (కెర్నెల్ మారినప్పుడల్లా డ్రైవర్‌ని మళ్ళీ కట్టే టూల్) తో వేసుకోవచ్చు, సెక్యూర్ బూట్ (గుర్తింపు లేనివాటిని లోడ్ కానివ్వని రక్షణ) ఆన్‌లో ఉంటే అది లోడ్ అవ్వదు, రీస్టార్ట్‌లో నీలం స్క్రీన్ ఒకటి వచ్చి కీ ఎన్‌రోల్ చెయ్యమంటుంది, కంగారుపడి కంటిన్యూ నొక్కేస్తారు అందరూ, నొక్కకూడదు, ఎన్‌రోల్ ఎంఓకే లోకెళ్ళి డ్రైవర్ వేసేటప్పుడు పెట్టిన పాస్‌వర్డ్ కొట్టాలి. నన్నడిగితే ఇంత బాధ పడేకన్నా కార్డే మార్చుకోవడం మంచిది, ఇంటెల్‌ది పాతదైనా పర్లేదు. కొనేటప్పుడు ఏఎక్స్200, 210 అయితే ఏఎండీ లాప్‌టాప్‌లోనూ ఆడతాయి, 201, 211 అయితే దానికి తగ్గ ఇంటెల్ ప్రాసెసర్ ఉన్నవాటిలోనే, స్లాట్‌లో పట్టింది కదా అని కొనకండి. కొన్ని పాత లాప్‌టాప్‌లలో వేరే కార్డు పెడితే బయోస్ (ఆన్ చెయ్యగానే ముందు నడిచే ప్రోగ్రామ్) ఒప్పుకోదు, అసలు బూటే అవ్వదు. యూఎస్‌బీ డాంగిల్ అయితే ఇంకా జాగ్రత్త, కొన్ని చవకవి పెట్టగానే సీడీ డ్రైవ్‌లా కనపడతాయి, లోపల విండోస్ డ్రైవర్ ఉంటుందన్నమాట, యూఎస్‌బీ మోడ్‌స్విచ్ అనే టూల్‌తో తిప్పితేనే వైఫైగా మారతాయి.

మా దగ్గరికి ఓ పాలిటెక్నిక్ కుర్రాడు లినక్స్ కూడా కాదండీ, ఫ్రీబీఎస్‌డీ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకుని వచ్చాడు, ముచ్చటేసింది. అందులో కార్డు మీద డబ్ల్యూలాన్0 అని విడిగా మనమే సృష్టించాలి, ఆర్‌సీ డాట్ కాన్ఫ్ అనే ఫైల్లో రాసుకోవాలి. 2025 జూన్‌లో 14.3 వచ్చేదాకా కొత్త ఇంటెల్ కార్డు ఉన్నా పాత జీ రకం వైఫై (802.11జీ) స్పీడ్‌లోనే నడిచేది. అది అందరికీ చెప్పే పని కాదు, నేర్చుకునే వాడికి మాత్రం బంగారం.

ఇప్పుడు అసలు అడగాల్సింది. మీ పేపర్లో లాప్‌టాప్‌ల యాడ్లు ఫుల్ పేజీ వస్తాయి, ర్యామ్ ఎంత, స్టోరేజీ ఎంత, ప్రాసెసర్ ఏ తరం అని అన్నీ ఉంటాయి, వైఫై దగ్గర మాత్రం వైఫై 6 అని రాసి వదిలేస్తారు, ఎవరి చిప్పో రాయరు. డబ్బా మీదా ఉండదు, బిల్లులోనూ ఉండదు. చిప్ పేరు ఒక్కటి రాస్తే కొనేవాడు కొనకముందే చూస్కుంటాడు కదా. కంపెనీలకి తెలియని సంగతి కాదు ఇది, అడిగేవాడు లేక రాయట్లేదు. మీలాంటి పేపరు అడిగితే తేడా ఉంటుంది. స్కూళ్ళకీ కాలేజీలకీ గవర్నమెంటు టెండర్లు పిలిచేటప్పుడు కూడా లినక్స్‌లో వైఫై పని చెయ్యాలి అని ఒక్క లైను పెడితే చాలు, కేరళలో గవర్నమెంటు స్కూళ్ళు ఏళ్ళుగా లినక్స్ మీదే నడుస్తున్నాయి, కైట్ అనే సంస్థ ఓఎస్ తయారు చేసి టీచర్లకి ట్రైనింగ్ కూడా ఇస్తుంది. మన రెండు రాష్ట్రాల్లో చెయ్యలేనంత పనేం కాదిది.

చివరిగా, ఈ ఉత్తరం ఫోన్లో తెలుగులో కొడుతున్నా కాబట్టి కమాండ్లు కూడా తెలుగులోనే రాశా. మీరు టెక్ పేజీలో వేస్తే మాత్రం దయచేసి ఇంగ్లిష్ అక్షరాల్లోనే వెయ్యండి, అదీ మామూలు పేపర్ ఫాంట్‌లో కాకుండా టైప్‌రైటర్ లాంటి ఫాంట్‌లో, ఎందుకంటే డీటీపీలో రెండు చిన్న గీతలు కలిసి ఒక పెద్ద గీత అయిపోతుంది, లైను చివర కమాండ్ విరిగితే మధ్యలో ఖాళీ ఉందో లేదో తెలీదు. మీ పేపర్ కటింగ్ పట్టుకుని, అందులో ఉన్నట్టే కొట్టాను రావట్లేదు అంటూ వచ్చినవాళ్ళు ఉన్నారు మా షాపుకి.

ఇట్లు
మీ పాఠకుడు,
తాడేపల్లిగూడెం